తాళమే లేని గది

ఆస్పత్రి కింది అంతస్తులో ఉన్న లాండ్రీలో అతన్ని అందరూ మిలిటరీ అని పిలిచేవాళ్లు. పిలవక ఏం చేస్తారు? ఎనిమిదింటికి రావలసిన మనిషి ఏడుంబావుకే వచ్చి గేటు దగ్గర నిటారుగా నిలబడి ఉంటాడు. భోజనం ఆరు నిమిషాల్లో ముగిస్తాడు. ఏడో నిమిషానికి డబ్బా కడిగి బోర్లించి ఉంటుంది. అతను మడిచిన దుప్పటి అంచుతో నిమ్మకాయ కోయొచ్చు. షిఫ్టు గంట మోగిందంటే చాలు, చేతిలో టీ గ్లాసున్నా సరే, దాన్ని పక్కన పెట్టి లేచి రెండు చేతులూ వెనక్కి కట్టుకుంటాడు.

ఆ పేరు పెట్టింది మడతల బల్ల దగ్గర పనిచేసే వదిన. ఆవిడకి మరుదులెవరూ లేరు, అయినా లాండ్రీకీ వంటగదికీ వార్డులకీ అందరికీ ఆవిడ వదినే. ఆవిడ నోట్లో పడిన మాట మర్నాటికి రెండింతలై బయటికొస్తుంది. "సరిహద్దులో పనిచేసుంటాడు. మోకాలికి తూటా తగిలుంటుంది, అందుకే అంత ఆచితూచి నడుస్తాడు" అని మొదటి వారంలో తేల్చేసింది. రెండో వారానికి తూటాలు మూడయ్యాయి. నెల తిరిగేసరికి అతను ఒక్కడే మంచుకొండ మీద పదకొండు రోజులు బూటు తోలు నమిలి బతికిన కథ ఆస్పత్రి మూడో అంతస్తు దాకా పాకింది. పిల్లల వార్డు నర్సు ఒకావిడ అతను ఎదురుపడితే నమస్కారం కూడా పెట్టేది.

అతను ఔననలేదు, కాదనలేదు. తల వంచుకుని బండి తోసుకుంటూ వెళ్లిపోయేవాడు.

నిజానికి అతను తాపీపని చేసేవాడు. తొమ్మిదేళ్ల క్రితం ఒక కట్టడం నాలుగో అంతస్తు పరంజా మీద, సిమెంటు తట్ట ముందు ఎవరికి అందాలన్న దగ్గర తోటి మేస్త్రీతో మాటామాటా పెరిగింది. కోపం ఎంతసేపు ఉంది? తుమ్మినంతసేపు. ఆ తుమ్మినంతసేపట్లో అతను ఆ మనిషిని తోశాడు. తోయడం వరకే అతని చేతిలో ఉంది, ఆ తర్వాత జరిగింది ఎవరి చేతిలోనూ లేదు. పదేళ్ల శిక్ష పడింది. తొమ్మిదేళ్లు లోపల గడిపాక, నడవడి బాగుందని చివరి ఏడాది బయట గడపమన్నారు, షరతుల మీద. షరతులు మూడే. ఒకే ఇంట్లో ఉండాలి. ఒకే చోట పనిచెయ్యాలి. నెలనెలా మొదటి సోమవారం మధ్యాహ్నం మూడింటికి ఆఫీసరు పనిచోటికి వచ్చి చూసినప్పుడు కళ్లెదుట కనబడాలి. కనబడకపోతే పారిపోయినట్టే లెక్క. మిగిలిన ఏడాదీ మళ్లీ లోపలే.

ఈ సంగతి లాండ్రీలో ఇన్‌చార్జి గారొక్కరికే తెలుసు. ఆవిడ భారీ మనిషి. ముప్పై ఏళ్ల సర్వీసు. కళ్లు మూసుకుని వాసన చూసి ఈ దుప్పటి ఏ వార్డుదో, ఆ పేషెంటు బతుకుతాడో లేదో కూడా చెప్పగలదని ప్రతీతి. అతన్ని పనిలో పెట్టుకున్న రోజు ఒకే మాట అంది: "నాకు మరకల గురించి తెలుసు. ఉతికినంత మాత్రాన అన్నీ పోవు. అయినా గుడ్డని పారెయ్యం."

ఇంట్లో సంగతి వేరు. అక్కా బావల ఇల్లు రెండు గదులది. వచ్చిన మొదటి రోజు అతను స్నానాల గది ముందు తువ్వాలు భుజానేసుకుని నలభై నిమిషాలు నిలబడ్డాడు. లోపల అక్క ఉందనుకుని బావా నిలబడ్డాడు. వంటగదిలోంచి అక్క వచ్చి ఇద్దర్నీ చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఇక్కడేం చేస్తున్నారు ఇద్దరూ?"

"లోపల నువ్వున్నావనుకున్నా" అన్నాడు బావ.

"తలుపు ఇంకా తియ్యలేదు అక్కా" అన్నాడతను.

"ఎవరు తియ్యాలి?"

తొమ్మిదేళ్లలో అతను ఒక్క తలుపూ తెరవలేదు. తలుపు తెరవడం అక్కడ ఒక ఉద్యోగం. దానికి జీతమిచ్చి మనుషుల్ని పెట్టుకుంటారు. తలుపు ముందుకొచ్చాక ఒక అడుగు వెనక్కి వేసి, చేతులు వెనక కట్టుకుని, గోడ వైపు చూస్తూ ఆగాలి. ముట్టుకుంటే తప్పు. కొడితే ఇంకా పెద్ద తప్పు.

"అక్కా, లైటు ఆపనా?" "బావా, నీళ్లు తాగనా?" "కిటికీ దగ్గర కూర్చోవచ్చా?" ఇలా వారం రోజులు సాగింది. చివరికి బావ చేతులెత్తేశాడు. "ఒరేయ్ బామ్మర్దీ, నేనేమన్నా జైలరునట్రా? ఈ ఇంట్లో నేనే మీ అక్కని అడిగి తుమ్ముతున్నా. నువ్వు పోయి పోయి నన్ను అడుగుతావేంట్రా?" అక్క మాత్రం నవ్వలేదు. ఆ రోజు నుంచి ఇంట్లో ఏ తలుపూ పూర్తిగా మూయకుండా ఓరగా ఉంచడం మొదలుపెట్టింది. గాలికి అవి టపటపా కొట్టుకుంటుంటే బావ వాటి సందుల్లో పాత చెప్పులు దూర్చేవాడు.

లాండ్రీలో ఆ ఇబ్బంది రాలేదు. అక్కడి గుమ్మాలకి తలుపులు ఉండవు, బళ్లు తోసుకుపోవడానికి వీలుగా ప్లాస్టిక్ పట్టీల తెరలు వేలాడుతుంటాయి. ఉతికిన దుప్పట్లు దాచే స్టోరుకి మాత్రం ఒక బరువైన ఇనుప తలుపుంది. కానీ అది మూసుకోకుండా అడ్డంగా ఎప్పుడూ ఒక ఇటుక ఉండేది. అది ఎన్నేళ్లుగా అక్కడుందో ఎవరికీ తెలియదు. ముందు ఇటుక పెట్టి ఆ తర్వాతే ఆస్పత్రి కట్టారని వదిన వాదన.

మూడో నెల మొదటి సోమవారం పొద్దున, మంటలంటుకున్నప్పుడు ఏం చెయ్యాలో చూసే తనిఖీవాళ్లు వచ్చారు. ఇటుకని చూసి ముఖం చిట్లించారు. ఇటుక తీసి బయట పారేసి, తలుపు తనంతట తనే మూసుకునేలా పైన ఒక చెయ్యి లాంటిది బిగించి పోయారు. ఆ సమయానికి అతను పై వార్డుల్లో మురికి గుడ్డలు ఎత్తుతున్నాడు.

పన్నెండున్నరకి భోజనం ముగించి, బండి నిండా ఆరిన దుప్పట్లు వేసుకుని, గుమ్మంలో తలుపుకి అడ్డంగా ఎవరో వదిలేసిన ఖాళీ బండిని ముందుకి నెట్టుకుంటూ స్టోరులోకి వెళ్లాడు. అరల దగ్గరికి చేరేసరికి వెనక తలుపు ధన్ మని మూసుకుంది.

ఇనుము ఇనుముని తాకే ఆ శబ్దం అతనికి ఎంత తెలుసో తల్లి గొంతు కూడా అంత తెలియదు. ఒళ్లు దానంతటదే తిరిగింది. తలుపుకి ఒక అడుగు దూరంలో నిలబడింది. చేతులు వెనక్కి వెళ్లాయి. చూపు గోడ మీదికి పోయింది.

అలా ఎంతసేపు నిలబడ్డాడో ఏమో. మొదట మనసంతా ఖాళీ. తర్వాత ఒక్కొక్క ఆలోచనే వచ్చింది. ఎవరో మూశారు. ఊరికే ఎందుకు మూస్తారు? ఏదో జరిగి ఉండాలి. మూడింటికి ఆఫీసరు వస్తాడు. వచ్చేదాకా ఇక్కడుంచమని ఎవరైనా చెప్పారేమో. నేనేం చేశాను? పొద్దుట్నుంచీ తను చేసినవన్నీ ఒక్కొక్కటే తిరగేశాడు. లిఫ్టులో డాక్టరు గారి బూటు మీదుగా చక్రం పోయింది. ఆయన ఏమీ అనలేదు, కానీ చూశాడు. నాలుగో వార్డులో ముసలాయన దిండు కింద కళ్లజోడు కనబడితే నర్సు చేతికిచ్చాడు. కళ్లజోడు ముట్టుకోకూడదేమో. మొన్న వదిన తూటాల గురించి అడిగితే ముసిముసిగా నవ్వాడు. అది అబద్ధమాడినట్టే కదా. ఇన్‌చార్జి గారికి తెలిసిపోయిందేమో.

బయట ఇస్త్రీ రోలరు గుర్రుమంటోంది. ఆ రొదలో పక్కన పిడుగు పడినా వినబడదు. తలుపు కొడదామా అని ఒక్క క్షణం అనిపించింది. వెనక కట్టుకున్న చేతుల్ని ఇంకా గట్టిగా బిగించాడు.

ఊరికే నిలబడటం చేతకాక పనిలో పడ్డాడు. అరల్లో ఎవరెవరో మడిచినవన్నీ కిందికి లాగి మళ్లీ మడిచాడు. గోడ కట్టినట్టు, వరస మీద వరస, మూల మీద మూల. రసమట్టం పెట్టినా వంక దొరకదు. గది పది అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు. పైన ఒక బల్బు, వెచ్చని సబ్బు వాసన. కాసేపటికి గుండె దడ తగ్గింది. ఇంకాసేపటికి పూర్తిగా పోయింది. ఇక్కడ ఎవరినీ ఏదీ అడగక్కర్లేదు, ఎటు వెళ్లాలో తేల్చుకోనక్కర్లేదు. ఎవరో వస్తారు, తీస్తారు, అటు నడవమంటారు. హాయిగా ఉంది.

ఆ హాయి తెలిసిన మరుక్షణం చేతిలో దుప్పటి జారి కింద పడింది. తొమ్మిదేళ్లలో ఎన్నడూ పుట్టనంత భయం అప్పుడు పుట్టింది.

ఈలోగా బయట జరిగిందంతా తర్వాత వదిన చెప్పగా అతను విన్నదే. వదిన చెప్పింది గనక సగం కొట్టిపారేసినా, మిగిలిన సగం చాలు. రెండింటికి అతను కనబడలేదని మొదట గమనించింది ఆవిడే. మిలిటరీ మనిషి పని మధ్యలో మాయమవడమా? పెరట్లో చూసింది, వంటగదిలో చూసింది, డ్రయ్యరులో కూడా తొంగి చూసిందట. స్టోరు తలుపు మూసి ఉంది కాబట్టి అందులో ఎవరూ లేరనుకుంది. రెండుంబావుకి ఇన్‌చార్జి గారు కంగారు ముఖంలో కనబడనివ్వకుండా రెండుసార్లు మేడలన్నీ ఎక్కి దిగింది. సరిగ్గా మూడింటికి, చేతి కింద ఫైలు పెట్టుకుని ఆఫీసరు వచ్చాడు. సన్నగా, నెరిసిన మీసంతో, వర్షం పడేలా ఉందని ఎప్పుడూ అనుకుంటున్నట్టుండే మనిషి.

"ఎక్కడున్నాడు?"

"పై వార్డుకి వెళ్లాడు సార్, వస్తాడు" అంది ఇన్‌చార్జి గారు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆవిడ ఆడిన మొదటి అబద్ధం అదేనట.

పది నిమిషాలయింది. ఇరవై అయింది. ఆఫీసరు ఫైలు తెరిచి పెన్ను మూత తీశాడు. "నాకూ బాధగానే ఉందమ్మా. మంచివాడనుకున్నా. కానీ నాకో రూలుంది."

"ఒక్క టీ తాగండి సార్" అంటూ వదిన గ్లాసు పట్టుకొచ్చింది. ఈయన ఎవరో, ఆ ఫైలేంటో ఆవిడకి తెలియదు. ఆ పెన్ను కాగితం మీద పడితే మిలిటరీకి ఏదో ముంచుకొస్తుందని మాత్రం అర్థమైంది. చెయ్యి వణికిందో, కావాలనే వణికించిందో, టీ అంతా ఆఫీసరు ఒళ్లో పడింది.

"అయ్యయ్యో! ఆగండి సార్, తువ్వాలు తెస్తా!"

పరుగున వెళ్లి స్టోరు తలుపు తోసింది. లోపల మడమలు కలిపి, చేతులు వెనక కట్టుకుని, గోడ వైపు చూస్తూ మిలిటరీ.

"హాజరు" అన్నాడు.

వదిన పెట్టిన కేకకి రోలరు ఆపరేటరు భయపడి మిషను ఆపేశాడు. ఒక్కసారిగా లాండ్రీ అంతా నిశ్శబ్దం. ఆఫీసరు, ఇన్‌చార్జి గారు పరిగెత్తుకొచ్చారు. తలుపు మళ్లీ మూసుకోకుండా ఇన్‌చార్జి గారు తన ఒంటినే అడ్డం పెట్టింది.

"ఇక్కడేం చేస్తున్నావు నువ్వు?"

"తలుపు వేశారు కదా మేడమ్. తీస్తారని..."

"ఎవరు వేశారు? దీనికి తాళమే లేదు. గొళ్లెం కూడా లేదు!" ఆవిడ తలుపుని ముందుకీ వెనక్కీ ఊపి చూపించింది. "లాగితే వస్తుంది కదయ్యా!"

అతను తలుపు వైపు చూశాడు. లోపలివైపు, నడుం ఎత్తులో, జానెడు పొడవున మెరుస్తున్న స్టీలు హ్యాండిల్ ఉంది. రెండు గంటల యాభై నిమిషాలు ఆ తలుపు ఎదురుగా ఉండి అతను దాన్ని చూడలేదు. తొమ్మిదేళ్లు చూసిన తలుపుల్లో ఏ ఒక్కదానికీ లోపలివైపు హ్యాండిల్ లేదు. లేనిదాన్ని ఎవరు వెతుకుతారు?

"ఇదేం మిలిటరీ ట్రైనింగ్?" అంది వదిన, ఇంకా గుండె చేత్తో పట్టుకుని. "శత్రువు తలుపేస్తే లోపలే కూర్చోమంటారా?"

ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు. ఇన్‌చార్జి గారు అతని వైపు చూసింది. చెప్పాలో వద్దో నీ ఇష్టం అన్నట్టుంది ఆ చూపు.

"నేను మిలిటరీ కాదు వదినా" అన్నాడతను. "తాపీ మేస్త్రీని. జైల్లో ఉన్నా. తొమ్మిదేళ్లు. కోపంలో ఒక మనిషిని తోశాను, పరంజా మీంచి. పోయాడు."

వదిన నోరు తెరిచి మూసింది. ఆవిడ నోరు అన్ని క్షణాలు ఖాళీగా ఉండటం లాండ్రీ చరిత్రలో అదే మొదలు.

"ఆయనకెవరున్నారు?" అని అడిగింది.

"భార్య."

"ఆవిడకి ఉత్తరం ఏమన్నా రాశావా?"

"రాశాను. జవాబు రాలేదు."

"రాకపోవచ్చు" అంది వదిన. "రావాలని ఎదురుచూడకు. నీకు జవాబివ్వాల్సిన బాకీ ఏం లేదు ఆవిడకి."

"ఎదురుచూడట్లేదు వదినా."

ఆవిడ తల ఊపింది. చీర చెంగుతో ముఖం తుడుచుకుంది. "మరైతే ఆ మంచుకొండ?"

"అది మీరే చెప్పారు."

"బూటు తోలు?"

"అదీ మీరే."

"తూటాలు కూడా నావేనా? ఛీ, నా నోరు పడిపోను. మూడో అంతస్తు నర్సుకి ఇప్పుడు ఏం ముఖం పెట్టుకుని చెప్పను?" అని నిట్టూర్చింది. "అయినా మిలిటరీ అని నోటికి అలవాటైపోయింది. ఇంకో పేరు వెతికే ఓపిక నాకు లేదు. ఉంటే ఉండనీ."

"మీ ఇష్టం" అన్నాడతను. తొమ్మిదేళ్లూ మూడు నెలలూ భుజాల మీద మోసిందేదో కొంచెం కిందికి జరిగినట్టయింది.

ఆఫీసరు తడిసిన ప్యాంటుని రెండు వేళ్లతో ఒంటికి దూరంగా పట్టుకుని నిలబడ్డాడు. "నా సర్వీసులో చాలామందిని చూశానయ్యా. ఒకాయన అంగడి అద్దాల తలుపు ముందు పొద్దున్నుంచి నిలబడ్డాడు. అది మనిషి వస్తే తనంతట తనే తెరుచుకునేది. ఆయన భయపడి ఒక అడుగు వెనకే నిలబడ్డాడు, అది తెరుచుకోనేలేదు. ఇంకొకాయన..." అంటూ ఆగి ఫైలు తెరిచాడు. "సరే. పనిచోట హాజరు. హాజరంటే మామూలు హాజరు కాదు. కానీ సంతకం ఇక్కడ పెట్టనివ్వను. నేను బయట బల్ల దగ్గర ఉంటా. ఇన్‌చార్జి గారూ, మీరు తప్పుకోండి. అతన్ని లోపల ఉండనివ్వండి. వచ్చి సంతకం పెడతాడు."

"పాపం సార్, ఇప్పుడే కదా..." అంది వదిన.

"మీరు ఇంకో టీ తీసుకురండి. ఈసారి గ్లాసులోనే ఉండనివ్వండి."

ఇన్‌చార్జి గారు తప్పుకుంది. తలుపు ధన్ మంది.

అతని ఒళ్లు మళ్లీ అడుగు వెనక్కి వేసింది. చేతులు వెనక్కి పోయాయి. పోనిచ్చాడు. ఒకసారి ఊపిరి పీల్చుకున్నాడు. తర్వాత కుడి చేతిని, పిల్లాణ్ణి బడికి పంపినట్టు, బతిమాలి ముందుకి తెచ్చాడు. హ్యాండిల్ చల్లగా తగిలింది. ఎవరూ ఏమీ అనలేదు. గంట మోగలేదు. గట్టిగా తోశాడు. కదల్లేదు. భుజం ఆనించి మళ్లీ తోశాడు.

"లాగు!" బయటినుంచి వదిన అరిచింది.

"లాగాలయ్యా!" ఇన్‌చార్జి గారు.

"తోస్తే ఎలా వస్తుంది బాబూ, నీ వైపు లాగు!" రోలరు ఆపరేటరు.

లాగాడు. అంత బరువు తలుపూ దుప్పటి అంచులా తేలిగ్గా వచ్చేసింది. ఎదురుగా మడతల బల్ల, దాని మీద ఫైలు, చుట్టూ నలుగురు మనుషులు. రోలరు ఆపరేటరు చప్పట్లు కొట్టబోయి, బాగుంటుందో లేదో తెలియక, మధ్యలో ఆపేశాడు. అతను నడిచివచ్చి సంతకం పెట్టాడు. తన పేరు చివరి అక్షరం కాగితం దాటి బల్ల మీదికి పోయింది.

"వచ్చే నెల కలుద్దాం" అన్నాడు ఆఫీసరు. వదిన తెచ్చిన పొడి తువ్వాలు నడుముకి చుట్టుకుని, ఫైలు పట్టుకుని, ఎంతో హుందాగా వెళ్లిపోయాడు.

రోలరు మళ్లీ మొదలైంది. మూడున్నరకి పిల్లల వార్డు నుంచి చిన్న దుప్పట్లు కావాలని ఫోను వచ్చింది. తేవడానికి స్టోరులోకి వెళ్లిన వదిన మరునిమిషంలో నడుం మీద చెయ్యి పెట్టుకుని బయటికొచ్చింది.

"ఏమయ్యా మిలిటరీ! ఇది అరా, కోట గోడా? ఒక్క దుప్పటి లాగితే మొత్తం కట్టడం కదులుతోంది! నీ తాపీపని ఇక్కడ కూడా చూపించాలా?"

"నేను తీసిస్తా ఉండండి వదినా."

లోపలికి వెళ్లాడు. తలుపు వెనక మూసుకుంది. గుండె ఒక్కసారి ఎగిరి, దాని చోట అది కూర్చుంది. పైవరస నుంచి చిన్న దుప్పట్లు పన్నెండు జాగ్రత్తగా తీశాడు. తీసి, వెళ్లబోయి, ఆగాడు. దుప్పట్ల దొంతర మీద కూర్చున్నాడు. గది వెచ్చగా ఉంది, సబ్బు వాసన వేస్తోంది. కాళ్లు చాపుకున్నాడు.

"ఎంతసేపయ్యా!" బయట్నుంచి వదిన కేక.

"వస్తున్నా" అన్నాడు గట్టిగా, రోలరు మోతలో కూడా వినబడేలా.

అని, ఇంకో నిమిషం కూర్చున్నాడు.